తలకిందులైతే తెలిసింది!

ఆ ఇంటి గుమ్మానికి కుడిపక్క చెక్కమీద వరసగా పెన్సిల్ గీతలుంటాయి. పక్కనే తేదీలు. కొత్తగా వచ్చిన చుట్టాలు 'పాలవాడి లెక్కా?' అని అడుగుతారు. కాదు. ఓ అమ్మాయి ఎత్తు పెరిగిన లెక్క. అయిదో తరగతి నుంచీ ప్రతినెలా ఒకటో తారీఖున అమ్మ కుట్టుమిషను మీంచి టేపు తెచ్చుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడేది. తమ్ముడు నెత్తిమీద స్కేలు పెట్టి గీత గీసేవాడు. ఒక్కోసారి కావాలనే ఓ అంగుళం కిందికి గీసేవాడు. ఇక ఆ పూట ఇంట్లో యుద్ధమే!

ఆ అమ్మాయికి కావాల్సింది 140 సెంటీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు తగ్గినా లాభం లేదు.

వాళ్లది హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, తుక్కుగూడకూ ఆదిభట్లకూ మధ్య ఓ ఊరు. నాన్న వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. అమ్మ జాకెట్లు కుడుతుంది. ఆ చుట్టుపక్కల పిల్లలకు వినోదమంటే జాతరలో రంగులరాట్నం, మరీ అదృష్టముంటే జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషన్. అలాంటిది 2016 ఏప్రిల్లో రావిర్యాలలో వండర్‌లా తెరిచారు. ఊళ్లో అందరికీ అదే ముచ్చట. ఆ చలికాలమే బడి నుంచి ఎక్స్‌కర్షన్. పులిహోర డబ్బాలు, జత బట్టలు, బస్సులో అంత్యాక్షరి... మొత్తానికి పిల్లలంతా వెళ్లి 'రీకాయిల్' అనే రోలర్ కోస్టర్ ముందు వాలిపోయారు. అక్కడ ఎత్తు చూసే మనిషి ఈ అమ్మాయిని గీత పక్కన నిలబెట్టి, తల అడ్డంగా ఊపాడు. నాలుగు వేళ్లు తక్కువ!

క్లాసులో అందరికంటే పొట్టి తనే. టీచరు స్నేహితుల బ్యాగులూ చెప్పులూ ఒళ్లో పెట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. అయిదు నిమిషాలయ్యాక ఇంకేం చేయాలో తోచక చూడటం మొదలెట్టింది.

రైలు ముందుకు వెళ్లలేదు. ఉక్కుతాడు పట్టుకుని దాన్ని వెనక్కి లాగింది... నిటారుగా ఆకాశంలోకి. అక్కడ వదిలేసింది. అంతే. జారి, మెలి తిరిగి, గుండ్రంగా తలకిందులై అవతలి ఏటవాలు ఎక్కింది. అక్కడ ఓ గొలుసు అందుకుని ఇంకాస్త పైకి లాగి మళ్లీ వదిలింది. ఇప్పుడు అదే దారిలో వెనక్కి! పోయేటప్పుడు మూడుసార్లు, వచ్చేటప్పుడు మూడుసార్లు తలకిందులు. ఎక్కినవాళ్లకు గుర్తున్నది తమ కేకలే. బెంచీ మీద కూర్చున్న పిల్లకు మాత్రం ఓ సంగతి తట్టింది. ఆ రైలుకు ఇంజిన్ లేదు. డ్రైవరూ లేడు. డీజిల్ ధర పెరిగిన ప్రతిసారీ ఇంట్లో గొణుగుడు వినే ట్యాంకర్ డ్రైవరు కూతురికి అది మామూలు వింత కాదు.

గుమ్మం మీద గీతలు ఆ వారమే మొదలయ్యాయి.

మరుసటి ఏడాది దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లారు. కౌంటర్ దగ్గర కొలిస్తే 137. పిల్లల టికెట్టు సరిపోతుందన్నారు. మిగిలిన డబ్బులు చూసి అమ్మ మొహం వెలిగిపోయింది, కూతురు మొహం మాడిపోయింది. ఆ రోజు వాళ్ల ఫొటోలో నవ్వుతున్నది ముగ్గురే.

ఏడో తరగతిలో గీత దాటింది. పిన్ని కూతురి పక్కన కూర్చుని రీకాయిల్ ఎక్కింది. దిగాక మోకాళ్లు వణికాయి. నోట్లోంచి మాట రాలేదు. మాట వచ్చాక 'ఇంకోసారి' అంది.

సరదా అక్కడితో ఆగితే చెప్పుకోవడానికేమీ లేదు. టికెట్టు ధర తక్కువేం కాదు కాబట్టి వెళ్లడం ఏడాదికి ఒకసారే. మిగతా రోజులన్నీ ఓ 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులో గడిచేవి. ఏ రైడు ఎన్ని సెకన్లు, ఏ వరసలో కూర్చుంటే కడుపులో ఎక్కువ తిప్పింది, ఎక్కడ ఒళ్లు బరువైంది, ఎక్కడ తేలికైంది... అన్నీ రాసేది. బొమ్మలు గీసేది. పేపర్లో జెయింట్ వీల్ ఫొటో వస్తే కత్తిరించి అంటించేది. 1893లో అమెరికాలోని షికాగోలో ఫెర్రిస్ అనే ఇంజినీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడన్న సంగతి ఆ నోట్‌బుక్కులో ఎర్రపెన్నుతో ఉంటుంది. గాలి అటు నుంచి వీచినప్పుడు మేడమీదికి పార్కులో కేకలు వినిపిస్తాయని ఇప్పటికీ అంటుంది. తమ్ముడు నమ్మడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పార్కూ లేదు, బడీ లేదు. పాత నీళ్లపైపును నిలువునా చీల్చి, మేడమెట్ల మీంచి దించి, కింద సున్నాలా చుట్టి తాడుతో కట్టింది. పైనుంచి గోలీ వదిలింది. గోలీ సున్నా సగం ఎక్కి కింద పడింది. ఇంకో మెట్టు పైనుంచి వదిలింది. మళ్లీ పడింది. మరీ పైనుంచి వదిలితే గానీ పూర్తిగా చుట్టి రాలేదు. ఎందుకో తెలియదు. ఎన్నో మెట్టు నుంచి వదిలితే తిరిగిందో మాత్రం రాసిపెట్టుకుంది.

నోట్‌బుక్ పోయింది

2022లో పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. 'మా అమ్మాయి ఇంజినీరు' అని నాన్న నీళ్ల పాయింటు దగ్గర తోటి డ్రైవర్లందరికీ చెప్పాడు. అప్పుచేసి నగరంలో హాస్టలున్న ఇంటర్ కాలేజీలో చేర్చాడు. తెల్లవారుజామున అయిదింటికి మొదలైతే రాత్రి పదింటిదాకా చదువే. వారం వారం పరీక్ష. మార్కుల్ని బట్టి సెక్షన్ మార్పు. ఈ అమ్మాయి నెలనెలా ఓ మెట్టు దిగుతూ వచ్చింది. ఫిజిక్స్ అస్సలు తలకెక్కలేదు. రోలర్ కోస్టర్ల పిచ్చి ఉన్న పిల్లకు ఫిజిక్స్ రాకపోవడమేమిటని అనిపిస్తుంది కానీ, బోర్డు మీద సూత్రం రాసి 'ఇది నాలుగు మార్కులు, అది ఎనిమిది మార్కులు' అని చెప్పే చోట ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరికి మాత్రం తడుతుంది?

తల్లిదండ్రుల మీటింగుకు వెళ్లిన రోజు ట్రంకుపెట్టెలో బట్టల కింద ఆ నోట్‌బుక్ కనిపించింది. నాన్న అరవలేదు. 'సదువైనంక ఇస్త' అని చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆదివారం ఫోన్లో ఆ అమ్మాయి 'ఆ', 'ఊ' తప్ప మాట్లాడలేదు.

2023 మేలో ఫలితాలొచ్చాయి. ఫిజిక్స్‌లో 60కి 17. పాసవ్వాలంటే 21 కావాలి.

ఇంటికి తెచ్చేశారు. ఎవరైనా వస్తే పెరటివైపు వెళ్లిపోయేది. అన్నం కలిపి పెడితే తినేది, లేకపోతే లేదు. 'నేను చదవను' అన్నది ఒక్కటే మాట. ఇంటర్ ఫలితాల రోజుల్లో పేపర్లలో ఎలాంటి వార్తలొస్తాయో ఆ తల్లికి తెలుసు. మిషను పక్కనపెట్టి పగలంతా కూతురున్న గదిలోనే ఏదో పని కల్పించుకుంది. రాత్రి పక్కనే పడుకుని చేతిమీద చెయ్యి వేసి ఉంచింది. ఆ చెయ్యి కదిలినప్పుడల్లా మెలకువ వచ్చేది. అలా పది రోజులు. ఈ సంగతి కూతురికి ఏడాది తర్వాత గానీ తెలియలేదు.

పదకొండో రోజు పొద్దున నాన్న 'బండ్ల కూసో బిడ్డా, ఇంట్ల ఉండి ఏం చేస్తవ్' అన్నాడు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్. ఓ అపార్ట్‌మెంట్లో సగం పోసి, మిగతా సగం ఇంకోచోట పోయడానికి బయల్దేరారు. సర్వీసు రోడ్డు మలుపులో బండి ఓ పక్కకు లాగినట్టయింది. అమ్మాయి డోరు గట్టిగా పట్టుకుంది.

'భయపడకు. నిండుగున్నప్పుడు గింత ఉండది, ఖాళీగున్నా ఉండది. సగమున్నప్పుడే పరేషాన్. నీళ్లు ఒక్కపారే ఒక దిక్కు వచ్చి గుద్దుతయ్.'

'మరెట్ల తిప్పుతవ్ డాడీ?'

పదకొండు రోజుల్లో అదే ఆమె అడిగిన మొదటి ప్రశ్న. నాన్న బండి ఇంకా నిదానం చేశాడు. 'స్టీరింగ్ ఒక్కసారే తిప్పొద్దు. కొంచెం, కొంచెం, మల్ల కొంచెం... మలుపుల మధ్యకొచ్చేసరికి పూరా తిరగాలె. గంతే.'

నీళ్లు పోశాక సీటు కిందినుంచి ఓ ప్లాస్టిక్ కవరు తీశాడు. నోట్‌బుక్! ఏడెనిమిది నెలలుగా అక్కడే ఉంది. అట్టమీద గ్రీజు మరకలు. 'పాయింటు కాడ లైన్ల ఉన్నప్పుడు చూస్తుంటి. బొమ్మలు మంచిగనే గీసినవ్. గీ సున్నా ఒక్కటి సక్కగ రాలె' అంటూ ఓ పేజీ చూపించాడు.

నిజమే. అది సున్నాలా లేదు. తిరగేసిన నీటిబొట్టులా ఉంది.

'సక్కగనే గీసిన డాడీ. ఆడ అట్లనే ఉంటది.'

'ఎందుకట్ల?'

ఆమెకు తెలియదు. ఏడేళ్లుగా చూస్తోంది, పదులసార్లు గీసింది. ఎందుకని ఒక్కసారీ అడుక్కోలేదు.

నీటిబొట్టు రహస్యం

సమాధానం ఆమె తప్పిన పుస్తకంలోనే ఉంది. 'పని, శక్తి, సామర్థ్యం' పాఠంలో నిలువుగా తిరిగే వృత్తం లెక్క. ఇంటర్ ఎంపీసీ చదివిన వాళ్లెవరికైనా 'రూట్ అయిదు జీఆర్' గుర్తుండే ఉంటుంది. నిండు చెంబును గిర్రున తిప్పితే నీళ్లు ఒలకవే, అదే లెక్క. వలయం పైభాగంలో పడిపోకుండా ఉండాలంటే అడుగున కనీసం అంత వేగం ఉండాలి. అయితే ఆ వేగంతో సరిగ్గా గుండ్రటి దారిలోకి దూసుకెళ్తే అడుగున మన ఒంటి బరువు ఆరింతలైనట్టుంటుంది. 50 కిలోల మనిషి 300 కిలోలన్నమాట! అదీ ఒక్కసారిగా. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో గుండ్రటి వలయాలతో రోలర్ కోస్టర్లు కట్టి, ఎక్కినవాళ్ల మెడలు పట్టేసి మూసుకున్నారు. 1976లో కాలిఫోర్నియాలో జర్మన్ ఇంజినీరు వెర్నర్ స్టెంగెల్ లెక్కగట్టిన వలయంతో ఆ తలకిందుల సరదా మళ్లీ మొదలైంది. అది నీటిబొట్టు ఆకారం. అడుగున వంపు విశాలంగా మొదలై, పైకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది. పైన రైలు వేగం తగ్గి ఉంటుంది కాబట్టి అక్కడ వంపు కాస్త బిగువుగా ఉన్నా ఇబ్బంది లేదు. దెబ్బ ఒక్కసారే తగలదు. హైవేలూ రైలు పట్టాలూ మలుపు తిరిగేచోట ఇంజినీర్లు వాడేదీ ఇలాంటి వంపునే. తిన్నటి దారి ఉన్నట్టుండి గుండ్రంగా మారదు. కొంచెం, కొంచెం, మళ్లీ కొంచెం...

ఆ పేజీ చదివి ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి 'అమ్మా, డాడీ కరెక్టే చెప్పిండు' అందట. ఏం చెప్పాడో అమ్మకు అర్థం కాలేదు. కూతురు తనంతట తాను వంటింట్లోకి వచ్చిందన్నది మాత్రం అర్థమైంది.

సప్లిమెంటరీలో పాసైంది. ఫస్టుక్లాసేమీ కాదు, పాసైంది. రెండో సంవత్సరం హాస్టలు వద్దని ఊరి దగ్గరి కాలేజీలో చేరింది. అక్కడ ఓరోజు క్లాసు మధ్యలో నిలబడింది. అంతకుముందు ఏ క్లాసులోనూ చెయ్యెత్తని పిల్ల. వలయం వ్యాసార్ధానికి రెండున్నర రెట్ల ఎత్తు నుంచి వదిలితే చాలని పుస్తకంలో ఉంది కదా సార్, నా గోలీ ఎందుకు పడిపోతోందని అడిగింది. వెనక బెంచీలు నవ్వాయి. లెక్చరరు నవ్వలేదు. 'పుస్తకంలో జారుతుంది. నీ గోలీ దొర్లుతోందమ్మా. దొర్లడానికీ కొంత శక్తి కావాలిగా. 2.7 రెట్లు వేసి చూడు. పైపు గరుకు, ఇంకా కావాలి' అన్నాడు. సాయంత్రం కొలిస్తే మూడు రెట్లు దాటితే గానీ తిరగలేదు. లాక్‌డౌన్లో రాసిపెట్టుకున్న మెట్ల లెక్క కూడా దాదాపు అంతే.

2024 ఈఏపీసెట్‌లో వచ్చిందీ గొప్ప ర్యాంకు కాదు. ఇబ్రహీంపట్నం వైపు ఓ కాలేజీలో మెకానికల్ తీసుకుంది. 'ఆడపిల్లకు మెకానికలేంది, కంప్యూటర్ తీస్కోక' అని మేనత్త ఇప్పటికీ పండగకొచ్చినప్పుడల్లా అంటుంది. ఆ అనుమానంలో కొంత న్యాయం లేకపోలేదు. దేశంలో రోలర్ కోస్టర్లు తయారుచేసే ఉద్యోగాలేమీ గుట్టలుగా లేవు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. లిఫ్టులో, క్రేన్లో, రైలు పెట్టెలో, ఏదైనా సరే, 'కదిలేది కావాలి' అంటుంది. సాయంత్రాలు వీధిలోని పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ట్యూషన్లో నీళ్లపైపు, గోలీ తప్పనిసరి. మార్కులు తగ్గిన పిల్లను మాత్రం విడిగా కూర్చోబెట్టుకుంటుంది. ఏం చెబుతుందో ఆ పిల్లలు బయటికి చెప్పరు.

ఇన్నేళ్లలో నాన్న పార్కులో ఎన్నడూ ఏదీ ఎక్కలేదు. బ్యాగులూ చెప్పులూ కాపలా కాస్తూ బెంచీ మీద కూర్చోవడమే ఆయన పని. ఈసారి సంక్రాంతి సెలవుల్లో ట్యూషన్ డబ్బులతో కూతురే అందరికీ టికెట్లు కొంది. బ్యాగులు అమ్మకు అప్పగించి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి నాన్నను రీకాయిల్‌లో తన పక్కన కూర్చోబెట్టింది. ఆయన అలవాటుగా స్టీరింగ్ కోసం చేతులు చాపాడు. రైలు వెనక్కి లాగుతుంటే కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచింది దిగేటప్పుడే.

చాలాసేపు మాట్లాడలేదు. మంచినీళ్లు తాగాడు. చెప్పులు వేసుకున్నాడు. ఆ నీటిబొట్టు వైపు తలెత్తి చూశాడు.

'తిప్పుడు మంచిగనే తిప్పిండు' అన్నాడు. 'గది కట్టినోడు ట్యాంకర్ నడిపిండా ఏంది?'