రాక్షసగుళ్ళు

తెలుగునాట బీళ్ళలోను గుట్టల చెంతను పెద్ద బండలు వలయాకారముగ నిలిపియుండుట మీలో కొందరు చూచియుందురు. జనులు వానిని రాక్షసగుళ్ళందురు. ఇంతటి బరువును మనుష్యుడు కదల్పజాలడని పూర్వులు తలచిరి కాబోలు! ఈ పేరు నాకు నచ్చదు. చెమటోడ్చినవాడు మానవుడు, కీర్తి రాక్షసునిది.

అవి ఇనుపయుగపు సమాధులు. ఆ కాలపువారు నేల త్రవ్వి, రాతిపలకలతో పెట్టెవలె కట్టి, అందు మృతుని ఎముకల నుంచి, పైన మట్టియు రాళ్ళును పోసి, చుట్టును బండలు నిలిపిరి. హైదరాబాదు ప్రాంతపు సమాధులను గూర్చి ఇ. హెచ్. హంట్ అను నతడు 1924లోనే వ్యాసము ప్రకటించెను. ఇట్టి సమాధులలో లోపల నల్లగను వెలుపల ఎర్రగను ఉండు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్ళు దొరకినవి.

ఆ గొడ్డలిని గూర్చియే నేను తరచు ఆలోచింతును. నేను నివసించు కంచన్‌బాగులో 1973లో స్థాపించిన మిశ్రధాతు నిగమ్ కర్మాగారము కలదు. అచట యంత్రములు లోహమును కరగించును. ఆనాటివారికో, ముడిరాయి ఏరుట, బొగ్గు కాల్చుట, తిత్తులూదుట, సమ్మెటతో సాగగొట్టుట—అంతయు చేతిపనియే. అడవి నరకి పొలము చేయుటకు గొడ్డలియే ఆధారము. అట్టిదానిని, ఇక పట్టజాలని చేతి ప్రక్క నుంచి పూడ్చిరి! పేదయింట పెండ్లికని దాచిన పట్టుచీరను పోయిన తల్లిపై కప్పినట్లున్నది.

నారాయణపేట జిల్లాలో, కృష్ణాతీరమందలి ముడుమాలకు వెళ్ళినచో రాతివలయములతోపాటు నిలువురాళ్ళను గూడ చూడవచ్చును. పది నుండి పదునాలుగడుగుల రాళ్ళు ఎనుబదివరకు కలవు. వాని వయస్సు మూడువేల యేండ్లకు పైమాటయని పండితుల యంచనా. ఒక బండపై తొలిచిన చిన్న గుంటలు సప్తర్షి మండలమును పోలియున్నవని వారందురు. శాపముచే మనుష్యులే రాళ్ళైరని ఊరివారి కథ. అందొక రాయిని ఎల్లమ్మగా కొలుచుచున్నారు. 2025లో ఈ స్థలము యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేరినది. ఎల్లమ్మ రక్షణ అంతకుముందే యుండెను!

అన్ని వలయములకును అట్టి అదృష్టము లేదు. పునాదులకును బాటలకును పగులగొట్టబడినవి యెన్నో. బండలు పోయిన పిమ్మట, తన నాగలి క్రింద ఒక మనుష్యుడు గొడ్డలితో పరుండియున్నాడని దున్నువానికి తెలియదు.