పెరిగిన సంసారము - చాలని యిల్లు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఐనను, కట్టియున్న యింటికి మరి రెండు గదులు చేర్చుట క్రొత్తయిల్లు కట్టుటకంటె చిక్కైన పని. క్రొత్త యింటికి నేల ఖాళీగా నుండును. పాత యింటికి గోడలుండును. ఆ గోడల నడుమ మనుష్యులుందురు. ఆ మనుష్యులకు ఏండ్లనాటి అలవాట్లుండును. ఇట్టి పనిని మగవారికిని మేస్త్రీలకును విడిచి మనము వంటయింట గూర్చుండుట తగదని తోచి, మా యింటి సంగతి సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మాది తెనాలి. మా మామగారి తండ్రిగారు కట్టించిన యిల్లు. సున్నపు కట్టుబడి గోడలు. టేకు దూలములపై ఇటుకలు నిలువుగా పేర్చి సున్నము పోసిన మద్రాసు మిద్దె. ముందు వసారా, నడిమి హాలు, రెండు గదులు, వంటయిల్లు. స్నానాల గదియు మరుగుదొడ్డియు పెరటిలో దూరముగా నున్నవి. ఇందు మా అత్తగారు, మేమిద్దరము, పెద్దకుమారుడు, కోడలు, వారి పిల్లలిద్దరు, చిన్నకుమారుడు వెరసి ఎనమండుగురము. వచ్చు మాఘములో చిన్నవానికి వివాహము. అమ్మాయి పురిటికి వచ్చినచో ఆమెకును చంటిబిడ్డకును చోటు కావలెను.

మావారు ఒక కాగితముపై మేడ గీసిరి. పైన రెండు పడక గదులు, వాని ముందు పెద్ద హాలు. క్రింది గది క్రొత్తకోడలికి, పైవి మిగిలినవారికి. “మరి అత్తయ్యగారో?” అని యడిగితిని. “అమ్మకు వసారాలో మంచము వేయుదము. ఆమెయే అడిగినది” అనిరి. నిజమే. మా అత్తగారికి ఎనుబది రెండేండ్లు. “నాకు గది యెందుకే అమ్మాయీ, వసారాలో గాలి వచ్చును” అని ఆమె నాతోను అన్నది. మన యిండ్లలో ముసలి యాడువారు ఏది అడుగుదురు? ఇతరులకు అడ్డము కానిదే అడుగుదురు.

మొదట మేస్త్రి మా కాగితమును చించినంత పని చేసెను. ఈ సున్నపు గోడలును దూలములును మేడ బరువును మోయజాలవనియు, నేలనుండియే క్రొత్త స్తంభములు లేపవలయుననియు చెప్పెను. పెరటిలో గొయ్యి త్రవ్వి చూచితిమి. నల్లరేగడి. వేసవిలో పిడికిలి పట్టునంత నెరియలు విచ్చును, వానలకు ఉబ్బును. ఇట్టి నేలపై లోతులేని పునాది వేసినచో గోడలు బీటలువారును. ఇట్టి నేలలకే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అడుగున గంటవలె ఉబ్బియుండు కాంక్రీటు స్తంభముల పద్ధతిని రూపొందించిరి. నేల పైపొర ఎంత ఉబ్బి కుంగినను, లోతున నిలిచిన ఆ గంట కదలదు. మరియు క్రొత్త గోడను పాతగోడతో కలిపి బిగింపరాదనియు, నడుమ సన్నని సందు విడువవలయుననియు ఇంజనీరుగారు చెప్పిరి. పాతగోడ క్రుంగవలసినంత ఎన్నడో క్రుంగినది. క్రొత్తది ఇక క్రుంగవలెను. రెంటిని కలిపి కట్టినచో ఆ కూడలియందే చీలును.

పునాదికే ధనము చాల పోవునని తేలినది. మూడింటిలో ఒకటి మానుకొనవలెను. ఏది మానుకొందుమన్న ప్రశ్న అప్పుడు వచ్చినది.

ఆ నడుమ నేను రెండు ఊళ్లు చూచి వచ్చితిని. రేపల్లె మా పుట్టినిల్లు. 2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చినప్పుడు మా అన్నగారి యింట నీరు చొచ్చినది. పిదప గది చేర్చినప్పుడు దాని అరుగును నాలుగడుగులు లేపిరి. గది మునుగదు, కాని మోకాళ్ల నొప్పులుగల మా వదినగారు ఆ మెట్లు ఎక్కలేక గదిని పిల్లల పుస్తకములకు విడిచినది. మెట్లతోపాటు ఏటవాలు బాటయు, చేతిపట్టునకు కమ్మియు పెట్టియున్న బాగుండెడిది. అచ్చటి బావినీరు ఉప్పన. దానితో కాంక్రీటు కలిపిన లోపలి యినుము త్రుప్పుపట్టును గనుక మంచినీరు తోలించుకొనిరి.

బాపట్లలో మా ఆడుబిడ్డగారిది ఇసుకనేల, సముద్రపు గాలి. ఖర్చు తగ్గునని డాబాపై రేకుల గది వేసికొనిరి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల చెంతనే తీరము దాటినది. గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల గాలి. రేకులు లేచిపోయినవి, దైవకృపవలన ఆ పూట గదిలో ఎవరును లేరు. రేకులు వేయువారు వానిని గోడలోనికి దిగిన కొక్కెపు బోల్టులతో బిగింపవలెను. లేనిచో వేయకుండుటయే మేలు.

తిరిగి వచ్చిన దినములలో మా పెద్దకోడలు నాతో మెల్లగా ఒక మాట చెప్పినది. “బామ్మగారు సాయంకాలము ఐదింటి తరువాత మంచినీళ్లు త్రాగుట లేదు అత్తయ్యా. చీకటిలో పెరటికి పోవలసివచ్చునని.” రెండు దినములు గమనించితిని. నిజమే. వేసవిలో సహితము చెంబు ముట్టుట లేదు.

ఆ రాత్రి భోజనములైన పిదప మావారితోను కుమారులతోను ఈ మాట చెప్పితిని. వాదము చేయలేదు. “పైన హాలు కావలయునో, అత్తయ్యగారు దాహము తీర్చుకొనుట కావలయునో మీరే తేల్చుడు” అంటిని. మావారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట కాగితము తీసి పైహాలును కొట్టివేసిరి.

ఇప్పటి నిర్ణయమిది: పైన రెండు గదులు. క్రింద వంటయింటి ప్రక్కగా పదియడుగులు పదునొకండడుగుల గది, దానికి చేరి స్నానాల గదియు మరుగుదొడ్డియు. జాతీయ భవన నియమావళి ప్రకారము ఇంటి నివాసపు గదులలో ఒకటియైనను 9.5 చదరపు మీటర్లకు, అనగా సుమారు 102 చదరపుటడుగులకు తగ్గకుండవలెను. మనవంటి ఉక్కపోత ప్రదేశములలో గాలివెలుతురుల దారులు నేలలో ఆరవవంతుండవలెను. మా గదికి అవి సుమారు 18 చదరపుటడుగులు. ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టుచున్నాము. తలుపు మూడడుగుల వెడల్పు. గడప లేనిచో పసుపు ఎచ్చట రాయుదుమని అత్తగారు పట్టుపట్టినది. గదికి అంగుళమెత్తు గడప పెట్టి, స్నానాల గదికి మానివేసితిమి. పురపాలక సంఘపు అనుమతి వచ్చినపిదపనే గొయ్యి త్రవ్వుదుము. అమ్మాయి పురిటికి వచ్చిన నెలలలో అత్తగారి చెంతనే ఆమెకును మంచము పడును.

సోదరీమణులారా! మీ యింట గదులు చేర్చు తలంపు కలిగినప్పుడు కాగితముపై గీతలు గీయుటకు మునుపు ఒక వారము దినములు ఊరక చూడుడు. ఎవరు ఎచ్చట నిదురించుచున్నారో, రాత్రి ఎవరు ఎంత దూరము నడచుచున్నారో, ఎవరు ఏమి మానుకొనుచున్నారో చూడుడు. మేస్త్రి గోడలను కొలుచును. ఈ కొలత మాత్రము మనమే కొలువవలెను. నాకేమియు వద్దనువారికి ఏమి కావలయునో ముందుగా కనుగొనుడు.