పాండవుల గుట్టకు మూడంచెల పందెము

వరంగల్లు నుండి పరకాల మీదుగా భూపాలపల్లికి పోవు బాటలో రేగొండ యున్నది. ఈ సీమలోనే, తిరుమలగిరి చెంత, పాండవుల గుట్టలు కలవు. వనవాసమున పాండవు లిచట నుండిరని జనులు చెప్పుకొందురు. ఇచటి గుహలలో ఆదిమానవులు రంగులతో వ్రాసిన బొమ్మలు 1990లో వెలుగులోనికి వచ్చినవి. ఈ యూరికి కాపురము వచ్చి పదునైదేండ్లయినను మేము ఆ గుట్ట నెక్కినది మొన్నటి మార్గశిరముననే. అదియు నొక పందెము మూలమున.

ఆ పందెమును తెచ్చినది మా తోడికోడలు. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడింటిని విశ్రాంతి లేక వరుసగా ముగింపవలసిన ట్రయథ్లాన్ అను పోటీని గూర్చి ఆమె చదివినది. అది 1974లో అమెరికాయందలి శాండియాగోలో పుట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్కులలో చేరినది. అందు ఈత 1500 మీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. అలసిన దేహమునకు నీరు గండము గనుక ఈతను ముందుంచుదురు.

"మన యోపికకు తగినట్లు మనము నొకటి పెట్టుకొందమా, అక్కా?" అని ఆమె యడిగెను. మోటబావిలో ఇరువది చుట్లు ఈత, గుట్ట పాదము వరకు సైకిలు, అటుపై గుహల వరకు కాలినడక. మావారు గడియారముతో సాక్షిగా వచ్చిరి.

సోదరీమణులారా! మాకిది వేడుక మాత్రమే కాదు. గడచిన యేడు జబ్బుపడి మూడు మాసములు మంచము పట్టితిమి. లేచిన పిదపను, వైద్యురాలు సమ్మతించినను, ఇంటివారు మమ్ము కడవ నెత్తనీయరైరి. మేమింకను పనికివత్తుమని చూపవలెనని మా పంతము.

పుట్టినింట ఎండిన సొరకాయలు నడుమునకు కట్టుకొని నేర్చిన ఈత మమ్ము మోసగింపలేదు. బావినుండి మేమే ముందు వెడలి, పొడిచీర గోచిపోసి కట్టుకొని సైకిలెక్కితిమి. వెనుకకు చూడక తొక్కితిమి. దారి కిరువైపుల పత్తిచేలు తెల్లగా విచ్చియుండెను. కూలిస్త్రీలు పత్తి యేరుచుండిరి. వారిలో తొందరపడువారును లేరు, ఆగువారును లేరు. అది చూచితిమి గాని మాకపుడు బోధపడలేదు.

గుట్ట పాదమున సైకిలు దిగినంతనే కాళ్ళు మావి కానట్లయినవి. తొక్కుటకు అలవడిన కాలు వెంటనే నడకకు లొంగదని, అందుచే చివరి పరువున వేగము తగ్గింపవలెనని మా కెవ్వరును చెప్పలేదు. నూఱడుగులు పోవునప్పటికి ఊపిరి అందదాయెను. ఒక బండపై కూలబడితిమి. తోడికోడలు మెల్లగా వచ్చి మమ్ము దాటిపోయెను. కన్నీరు వచ్చినది. ఇంటివారి మాటయే నిజమాయెనా?

ఇంతలో ఆమె తిరిగి దిగివచ్చి నీరును, నువ్వులుండయు చేతబెట్టెను. "దాహము వేయకముందే కొంచెము కొంచెముగా త్రాగవలెను. ఇక నాతో మాటలాడుచు నడువుడు, అక్కా. మాట తెగినచో వేగము హెచ్చిన ట్లెఱుగుడు" అనెను. ఆమెకును గెలుపు పోయినది. అయినను దానిని గూర్చి యొక్క మాటయు ననలేదు.

పుట్టినింటి ముచ్చట్లు చెప్పుకొనుచు నడచి, ఇరువురమును గొంతెమ్మ గుహ చేరితిమి. గొంతెమ్మ యనగా కుంతీదేవియే గదా! మొదటి చుట్టుననే పందెము గెలువజూచిన మా గొంతెమ్మ కోరికను తలచుకొని నవ్వుకొంటిమి. గుట్టలపై చిత్రించిన మృగములు, విల్లమ్ములు చూచితిమి. ఆ ఱాతిమీద ఆ చేయి తొందరపడియుండదు.

పరుగెత్తి పాలు త్రాగుట కంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని పెద్దలందురు. మేము నేర్చినది మఱియొకటి. నిలబడనక్కఱయు లేదు, మాటలాడ గలిగినంత వేగమున సాగిన చాలును. తెల్లవాఱగనే పనులన్నిటిపై బడి మధ్యాహ్నమునకే సొమ్మసిల్లు మనకిది పందెములకు మాత్రమే చెల్లు నీతి కాదు.

మఱునాడు మేము కడవ నెత్తుకొంటిమి. నిండుగా గాదు, సగమే. ఎవ్వరును వారింపలేదు.