ఎనుము అంటే నవ్వారు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. టిఫన్ ముగించుకుని తీరిగ్గా చదవండి.

మేము పుట్టినప్పుడు హోసూరు పక్కన మా ఊరు సేలం జిల్లాలో ఉండేది. బడిలో చేరే నాటికి, 1965లో, ధర్మపురి జిల్లా అయింది. రైల్వేలో ఉద్యోగం చేస్తుండగా 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఇన్ని మారినా మా ఇంటి గడప కదల్లేదు, ఇంట్లో మాటా కదల్లేదు. అమ్మతో తెలుగు, బడిలో తమిళం. లెక్కలు, చరిత్ర, పద్యాలు అన్నీ తమిళంలోనే. ఇప్పటికీ కూడిక వేయాలంటే మనసులో ఒండ్రు, ఇరండు అనే వస్తుంది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

మేము అంటే ఒక్కరి సంగతి కాదు లెండి. హోసూరు, డెంకనికోట, కృష్ణగిరి వైపు నుంచి రైల్వేకో ఫ్యాక్టరీకో వచ్చి బెంగళూరులో నిలబడిపోయిన మాబోటి ఇళ్ళు ఈ సంఘంలోనే చాలా ఉన్నాయి. వాళ్ళందరికీ ఇది తెలిసిన కథే.

అక్షరాలు మాకు వచ్చింది కుప్పం స్టేషన్ బోర్డు మీద. బంగారపేట నుంచి జోలార్‌పేట వైపు పోయే బండి ఎక్కితే పసుపు బోర్డు మీద ఊరి పేరు మూడు లిపుల్లోకి మారుతుంది. బంగారపేటలో కన్నడం, కుప్పంలో తెలుగు, జోలార్‌పేటలో తమిళం. డ్యూటీ మీద ఆ దారిన పోతూ వస్తూ, 'కుప్పం' అని ఉంది కాబట్టి ఇది క, ఇది ప కింద ప అని పట్టుకున్నాం. అప్పటికే బెంగళూరు బస్సుల బోర్డులు చూసి చూసి కన్నడం చదవడం వచ్చింది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళు కాబట్టి మూడు నెలల్లో తెలుగు పేపరు చదివే దాకా వచ్చాం. గురువు లేడు, ఫీజు లేదు, పాసు మాత్రం ఉంది.

మాబోటివాళ్ళతో చిక్కేమంటే, ఎవరి ముందు నిలబడినా వాళ్ళకు కావలసినట్లు మేము ఉండము. బడిలో తమిళ పిల్లలకు మేము తెలుగోళ్ళం. బెంగళూరులో ఇరుగుపొరుగుకు తమిళనాడు నుంచి వచ్చిన తమిళులం. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళకు తెలుగు సరిగ్గా రానివాళ్ళం. 1991 డిసెంబరులో కావేరి గొడవలప్పుడు కొన్నాళ్ళు మేము తమిళ పేపరు ఇంటికి వేయించుకోలేదు, వీధిలో తమిళం మాట్లాడలేదు. పిల్లలున్న ఇల్లు, అందులో తప్పేమీ లేదు. గొడవ చల్లారాక పేపరు మళ్ళీ వచ్చింది, వీధిలో మాటా వచ్చింది. భయంతో నోరు మూసుకుంటే అట్లే ఉంటుంది, భయం పోతే మాట వస్తుంది. సిగ్గుతో మూసుకున్నది అట్ల కాదని మా ఇంట్లోనే చూశాం.

మా అబ్బాయికి కృష్ణా జిల్లా సంబంధం కుదిరింది. వాళ్ళు మా ఊరి ఇంటికి వచ్చిన రోజు మా ఇంటావిడ కాఫీ ఇస్తూ, "ఎనుము పాలే అండి, నీళ్ళు కలపలా" అంది. ఒక పెద్దాయన "ఎనుమా? అదేం జంతువమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. చెడ్డవాళ్ళు కారు, అక్కడికక్కడే మరిచిపోయి ఉంటారు. ఈమె మరిచిపోలేదు. ఆ తరవాత 'గేదె' అని పలకడం నేర్చుకుంది. అంగడికి 'కొట్టు' అని, నీళ్ళు పోసుకోవడానికి 'స్నానం' అని సరిచేసుకుంది. సరిచేసుకోవడానికి తీరిక దొరకనప్పుడు ఊ అని, ఆ అని ఊరుకునేది. ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషి!

మనవడు పుట్టాక వాడితో అసలు తెలుగే మానేసింది. కన్నడంలో లాలించేది. ఎందుకే అంటే, "నా మాట వాడికి అంటుకుంటే రేపు వాణ్ణీ నవ్వుతారు" అంది.

తమిళనాడులో 2006లో ఒక చట్టం వచ్చింది. ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి పైకి పోతూ తమిళం తప్పనిసరి. ఆ పిల్లలు 2015-16కి పదో తరగతికి వచ్చారు. హోసూరు వైపు తెలుగు బడుల గతి ఏమిటని మావాళ్ళు బాధపడ్డారు, తిరిగారు. మైనారిటీ భాషలవాళ్ళు కోర్టుకు పోయి మినహాయింపు తెచ్చుకున్నారు. తమిళం మీద మాకు కోపం లేదు, మాకు బువ్వ పెట్టిన చదువు అదే. బడిలో తెలుగు లేకున్నా మేము తెలుగువాళ్ళుగానే ఉన్నాం, ఎందుకంటే ఇంట్లో అమ్మ ఉంది. బడి తీసేయలేకపోయిన దాన్ని కాఫీ దగ్గర ఒక నవ్వు తీసేస్తూ ఉంటే చూస్తూ కూర్చోవడం మాకు చాలా కష్టమైంది.

ఇక్కడ కి. రాజనారాయణన్ గారి సంగతి చెప్పాలి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఆయన ఊరు. ఇంట్లో తెలుగు, రాసింది తమిళం. కాలేజీ మెట్లెక్కని సేద్యగాడు. పుస్తకాల తమిళం పక్కన పెట్టి, తన కరిసల్ నేల మీద, అంటే మనం నల్లరేగడి అనే నేల మీద, జనం ఎట్ల మాట్లాడతారో అట్లనే రాశాడు. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవల తెలుగునేల విడిచి దక్షిణానికి పోయి అడవి కొట్టి ఊరు కట్టుకున్నవాళ్ళ కథ. దాని తరవాతి భాగానికి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ నేల మాటలకు నిఘంటువు కూడా తయారుచేశాడు. పాండిచ్చేరి యూనివర్సిటీవాళ్ళు పిలిచి ప్రొఫెసరుగా కూర్చోబెట్టారు. 2021 మేలో ఆయన పోయినప్పుడు తమిళనాడు ప్రభుత్వం అధికార లాంఛనాలతో సాగనంపింది. తెలుగులో రాయలేదే అని మనలో కొందరు అంటారు. ఆయన ఊళ్ళో తెలుగు బడి ఎక్కడుంది? తనకున్న రెండు మాటల్లో దేనికీ వేషం వేయలేదు, అది చాలదా! తెలుగులో అట్లాంటిది చదవాలంటే స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' ఉన్నాయి. ప్రళయకావేరి అంటే పులికాట్ సరస్సే. ఆ గట్టు మీది మాట ఆ గట్టు మాదిరే ఉంటుంది.

ఇవన్నీ ఇంటావిడకు చెప్పి చూశాం. "ఆయన రాసేవాడు, నేను కాఫీ ఇచ్చేదాన్ని" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

దారి చూపింది కోడలే. ఒక రోజు ఫోనులో బ్రౌను దొర నిఘంటువు తీసి, "అత్తయ్యా, ఇదిగో ఎనుము" అని చూపింది. అంగడి ఉంది, మిద్దె ఉంది. ఎనుముకు కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై చుట్టాలే కదా అని మేమూ ఒక మాట వేశాం. ఇంటావిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇంగ్లీసు దొరకు తెలిసింది, వీళ్ళకు తెలియదే!" అంది. చాలా ఏండ్లకు ఆమె గొంతులో ఆ పాత వెటకారం విన్నాం. ఆ రాత్రి మనవడికి ఎనుము కథ ఒకటి చెప్పింది, మన మాటలోనే. ఇప్పుడు వాడు బెజవాడ అమ్మమ్మకు ఫోనులో, "ఎనుము అంటే గేదె, అమ్మమ్మా" అని అర్థాలు చెబుతున్నాడు. వియ్యంకుల ముందు మాత్రం ఆమె ఇంకా ఊ, ఆ దగ్గరే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పడం.

ఇక ఉగాది సభ సంగతి. పెద్దల తరఫున మమ్మల్ని మాట్లాడమన్నారు, సంతోషం. కమిటీలో ఒక పిల్లవాడు, చాలా మంచివాడు, "అంకుల్, మీ స్పీచ్ ఇవ్వండి, శుద్ధ తెలుగులోకి మార్చి ఇస్తా" అన్నాడు. ఇచ్చాం. ఒత్తులన్నీ దిద్దాడు, దానికి దండం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ఆ బడిలో చదివిన చెయ్యికి భ ఎక్కడ, బ ఎక్కడ అనేది ఈ వయసులో పట్టుబడదు. కానీ 'అంగడి' కొట్టేసి 'షాపు' అని రాశాడు. శుద్ధ తెలుగట! నవ్వు ఆపుకోలేకపోయాం. వాడూ నవ్వాడు. ఒత్తులు దిద్దు నాయనా, మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్లు ఉండనీ అని చెప్పాం. ఒప్పుకున్నాడు, అంగడి మళ్ళీ అంగడి అయింది.

పది నిమిషాలు ఇచ్చారు, పదిహేను పడుతుంది, ముందే చెబుతున్నాం. మనవడు మొదటి వరసలో కూర్చుంటానన్నాడు. వియ్యంకులూ ఆ రోజు బెంగళూరులోనే ఉంటారు, వాళ్ళూ వస్తారు. ఇంటావిడ వస్తుందా రాదా ఇంకా చెప్పలేదు. చీర మాత్రం ఇస్త్రీకి ఇచ్చింది.