సుక్కి యాడికీ పోలేదు

పిల్లి కనపడలేదని చెబితే కడపలో మొదట వినపడే మాట ఒకటే. "యాడికి పోతాదిలే, ఆకలైతే అదే వస్తాది." ఆవు తప్పిపోతే ఊరు కదులుతుంది. గొర్రె తప్పిపోతే కాపరికి ఆ రాత్రి నిద్ర ఉండదు, వంకలూ కంపలూ గాలిస్తాడు. కుక్క కనపడకపోయినా నలుగురు ఆరా తీస్తారు. పిల్లి కోసం వెతికేవాణ్ణి మాత్రం వింతగా చూస్తారు. దానికి ఇల్లే గానీ ఇంట్లో మనుషులు అక్కర్లేదని, పిల్లికి విశ్వాసం లేదని తాతల కాలం నుంచి చెప్పుకుంటున్నాం. ఈ మాట తప్పు. ఈ మాట నమ్మి ఇంట్లో కూర్చోవడం వల్లే, దొరకాల్సిన పిల్లులు ఎన్నో దొరక్కుండా పోతున్నాయి.

మా సుక్కి పోయింది మే నెలలో. చారల పిల్లి, నుదుటి మీద తెల్లని చుక్క, అందుకని సుక్కి. వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చి మా ఇంటి ముందే టపాకాయల సరం కాల్చారు. మెట్ల మీద పడుకున్నది ఒక్క దూకు దూకి చీకట్లో కలిసిపోయింది. తెల్లారి పాలగిన్నె దగ్గరికి రాలేదు. పిల్లలు వీధి వీధంతా పేరు పెట్టి కేకలు వేస్తుంటే మా జేజి గడప దగ్గర కూర్చునే వాళ్ళను ఆపింది. "అట్ల అరిస్తే రాదురా. అది బెదిరింది. ఈడనే యాడనో నక్కింటాది. జనం అణిగినాక పోయి, కూచోని, మెల్లగా పిలవండి." బడి మొహం చూడని మనిషి. పల్లెలో ఆవుల్నీ బర్రెల్నీ కోళ్ళనీ, గాదె కింద ఎలకలు పట్టే పిల్లుల్నీ సాకుతూ బతికిన మనిషి. ఆమె అన్న ప్రతి మాటకూ తర్వాత చదువుకున్నవాళ్ళ లెక్కల్లో నాకు సాక్ష్యం దొరికింది.

2013లో జపానులో అత్సుకో సైతో అనే పరిశోధకురాలు, తన తోటి పరిశోధకుడితో కలిసి, ఇళ్ళలో పెరిగే 20 పిల్లులకు రికార్డు చేసిన గొంతులు వినిపించి చూశారు. కొత్తవాళ్ళ గొంతులతో పాటు పెంచినవాళ్ళ గొంతు కూడా వినిపించారు. తమవాళ్ళ గొంతు రాగానే పిల్లులు చెవులు రిక్కించాయి, తల తిప్పాయి. ఎవరిదో గుర్తుపట్టాయి. కానీ చాలా మటుకు లేచి రాలేదు, బదులుగా అరవనూ లేదు. అంటే మనం వీధిలో నిలబడి పిలుస్తున్నంతసేపూ అది వింటూ ఉండొచ్చు. ఇంకో లెక్క 2019లో అమెరికాలోని ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళది. పిల్లికూనలను పరీక్షిస్తే వాటిలో సుమారు 64 శాతం, తమను సాకే మనిషి పక్కన ఉంటే ధైర్యం తెచ్చుకుంటున్నాయని తేలింది. చంటిబిడ్డల్లో తల్లి పట్ల కనపడే నిష్పత్తి కూడా ఇంచుమించు ఇదే. విశ్వాసం లేని జంతువుకు ఇంత ఆధారం అక్కర్లేదు కదా.

మరి ఎందుకు రాదు? ఇంటి పిల్లులన్నిటికీ పూర్వీకులు పశ్చిమాసియా ఎండు నేలల్లో తిరిగిన అడవిపిల్లులని 2007లో జన్యు పరీక్షలు చెప్పాయి. అది గుంపులో బతికే జంతువు కాదు. ఒంటరిగా వేటాడుతుంది, తనకన్నా పెద్దదానికి తానూ వేటే అవుతుంది. అలాంటి ప్రాణి కష్టంలో అరిస్తే ఆదుకోవడానికి తోడు ఎవరూ రారు, శత్రువు వస్తాడు. కాబట్టి కాలు విరిగినా, గొంతెండినా, పిల్లి సందులో దూరి కిక్కురుమనకుండా ఉంటుంది. పదివేల ఏళ్ళుగా మన పొయ్యి పక్కన పడుకుంటున్నా ఈ అలవాటు దాని రక్తంలోంచి పోలేదు. పిలిస్తే రాకపోవడం దాని పొగరు కాదు. భయం.

దూరం సంగతి కూడా జేజి చెప్పినట్టే ఉంది. తప్పిపోయిన 1,210 పిల్లుల వివరాలు సేకరించి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. దొరికిన పిల్లుల్లో నాలుగింట మూడు వంతులు తాము తప్పిపోయిన చోటికి అర కిలోమీటరు లోపలే ఉన్నాయి. మొత్తం మీద మూడింట ఒక వంతు వారం లోపల ప్రాణాలతో దొరికాయి. ఏడాది తిరిగేసరికి ఆ లెక్క 61 శాతానికి చేరింది. అన్నిటికన్నా పనికొచ్చిన ఉపాయం, మనిషి స్వయంగా వెళ్ళి వెతకడం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారనే సామెత పిల్లుల విషయంలో అక్షరాలా నిజం.

అయితే ఆ అర కిలోమీటరు మా వైపు ఎలా ఉంటుందో చెప్పాలి. రాయలసీమలో పాత ఇళ్ళు చాలావరకు చవుడు మిద్దెలు. ఒకదాని గోడను ఆనుకొని ఇంకొకటి. ఈ చివర ఎక్కిన పిల్లి ఆ చివరి దాకా నేల మీద కాలు పెట్టకుండా పోగలదు. మిద్దెకు గవాక్షి ఉంటుంది, దాంట్లోంచి జారిందంటే మళ్ళీ పైకి రాలేదు. కింద ఎవరైనా ఉంటే సరే. మే నెలలో సగం ఇళ్ళకు తాళాలు ఉంటాయి, పెళ్ళికో తిరుమలకో పిల్లల సెలవులకో పోయి ఉంటారు. పల్లెల్లో అయితే గడ్డివాములు, సెనగకట్టె వాములు, ఊరి బయట ఎండిపోయిన మోటబావులు. బావిలో పడిన పిల్లిని ఎక్కించడానికి మనిషి దిగనక్కర్లేదు. గంపలో గోనెసంచి పరిచి, తాడు కట్టి దించి, పక్కకు తప్పుకుంటే చాలా సార్లు అదే వచ్చి గంపలో కూర్చుంటుంది. చెట్టెక్కినదాన్ని కూడా తిట్టకూడదు. దాని గోళ్ళు వెనక్కి వంగి ఉంటాయి, ఎక్కడానికి పనికొస్తాయి, తలకిందులుగా దిగడానికి పట్టు ఇవ్వవు. కింద కుక్కలను తోలేసి, నిచ్చెన వేసి, ఆగాలి.

ఇక బండలు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నుంచి, అటు బేతంచెర్ల నుంచి వచ్చే నాపబండలు లేని వీధి మా జిల్లాల్లో ఉండదు. మా వీధి చివర కూడా ఒక బండల అంగడి ఉంది. బండలను నిలువుగా ఒకదానికొకటి ఆనించి వరసలు కడతారు. పగలు వాటి మీద చెయ్యి ఆనదు. కానీ రెండు వరసల నడుమ, నేలకు దగ్గరగా చెయ్యి పెట్టి చూడండి, నీళ్ళకుండ పక్కన పెట్టినట్టుంటుంది. ఊళ్ళో పిల్లులకు ఈ సంగతి తెలుసు.

వీధి అణిగిన తర్వాత టార్చి తీసుకుని అక్కడికే పోయాం. టార్చిని కిందికి వేలాడదీసి పట్టుకుంటే లాభం లేదు. కంటి ఎత్తున, చెంపకు ఆనించి పట్టుకోవాలి. పిల్లి కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది. వెలుగు వచ్చిన దారినే వెనక్కి పోతుంది కాబట్టి, టార్చి మన కన్ను పక్కన ఉంటేనే ఆ మెరుపు మనకు కనపడుతుంది. రాత్రిపూట టార్చి వేసి వెతకడం మా జిల్లాకు కొత్త కాదు. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం వైపు అడవుల్లో మళ్ళీ దొరికింది కూడా స్థానిక వేటగాళ్ళకు రాత్రి వెలుతురు వేసి పట్టే విద్య తెలిసి ఉండబట్టే. ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

వరస వెంట వరస చూసుకుంటూ పోతే, గోడ వైపు చివరి సందులో, అడుగున, రెండు పచ్చటి చుక్కలు. కదలవు, ఆరవు. వంగి చూస్తే సుక్కి. మీసాల నిండా సాలెగూడు, ముక్కు మీద బండల పొడి, నుదుటి చుక్క బూడిదరంగుకు తిరిగి ఉంది. నోరు తెరిచి వగరుస్తోంది. పిలిస్తే నా వైపు రాలేదు, ఇంకా లోపలికి జరిగింది. టార్చి ఆర్పి అక్కడే నేల మీద కూర్చున్నాను. జేజి పక్కబట్టలోంచి చింపి ఇచ్చిన గుడ్డపేలిక, దాని సొంత గిన్నెలో కొంచెం నీళ్ళు, రెండు ఎండుచేపలు ముందు పెట్టి, ఇంట్లో రోజూ మాట్లాడే గొంతుతోనే ఏదో ఒకటి చెబుతూ ఉన్నాను. చాలాసేపటికి బండకు ఒళ్ళు రాసుకుంటున్న చప్పుడైంది. ముందు ఒక కాలు బయట పెట్టింది. ఆగింది. గుడ్డను వాసన చూసింది. ఆ తర్వాత ఒక్కసారిగా వచ్చి నా మోకాలికి తల ఆనించి, అప్పుడు అరిచింది. అంతసేపూ నోట్లో దాచుకున్న అరుపంతా ఒకేసారి.

మా ఇంటి మిద్దె మీద నుంచి చూస్తే ఆ బండలు కనపడతాయి.

ఇదే పని పెద్ద ఎత్తున చేసినవాళ్ళున్నారు. 2023 మార్చిలో, పాత కర్నూలు జిల్లా నుంచి విడిపోయిన నంద్యాల జిల్లాలో, కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర నాలుగు పులికూనలు తల్లి లేకుండా దొరికాయి. కుక్కల బారిన పడకుండా ఊరివాళ్ళే వాటిని కాపాడి అటవీశాఖకు అప్పగించారు. తల్లిని టీ-108గా గుర్తించారు. అడుగుల జాడలు పట్టుకుని, కెమెరాలు పెట్టి, నల్లమలలో దాని కోసం గాలించారు. తల్లీపిల్లలను కలపాలని రాత్రిళ్ళు కాపు కాశారు. కుదరలేదు. కూనలను తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు తరలించాల్సి వచ్చింది. ఆ వార్తలు చదివిన రోజుల్లో నాకు చాలా బాధ కలిగింది. అయినా ఆ సిబ్బంది చేసిన ప్రయత్నం మీద గౌరవం అంతకన్నా ఎక్కువ. ఆకలైతే అదే వస్తుందిలే అని ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. పులికి చేసిన మర్యాదలో వందో వంతు ఇంటి పిల్లికి చేసినా చాలు.

ఆడపిల్లి కనపడకపోతే మాత్రం ముందు ఒక లెక్క వేసుకోవాలి. చూలుతో ఉందా అని. దాని నెలలు మన వారాల్లో తొమ్మిది, అంటే 63 నుంచి 65 రోజులు. ఈనే పిల్లి ఎవరి కంటా పడని చోటు చూసుకుంటుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మనవాళ్ళు ఊరికే అనలేదు. చోటు మీద అనుమానం వస్తే మెడ కరుచుకుని ఒక్కొక్కదాన్నే మార్చేస్తుంది. అలాంటప్పుడు పిల్లిని మాత్రమే ఎత్తుకొస్తే అక్కడ కూనలు ఆకలికి చచ్చిపోతాయి. పాలిస్తున్నట్టు కనపడితే దాన్ని పట్టుకోకుండా వెంట నడవాలి.

వెతకడమంటే పది గుమ్మాలు తట్టడం. ఎదురొచ్చిందని పిల్లిని చూసి వెనక్కి తిరిగేవాళ్ళ గుమ్మం కూడా తట్టాలి. కడపలో, కర్నూలు పాతబస్తీలో ముస్లింల ఇళ్ళల్లో పిల్లులను ముద్దుగా చూసుకునేవాళ్ళు ఎక్కువ. సుక్కి కోసం తిరిగినప్పుడు నాకు మొదటి ఆచూకీ దొరికింది అలాంటి ఒక పెద్దామె దగ్గరే. "బిల్లీనా? రాత్రి మా మిద్దె మీంచి బండల అంగడి దిక్కు దూకింది బేటా" అని వేలు పెట్టి చూపించింది. ఆ వేలు చూపించకపోతే మేము ఇంకో దిక్కుకు పోయేవాళ్ళం. 2023 జనవరిలో హైదరాబాదు వనస్థలిపురంలో తమ పిల్లి పోయిందని ఒక కుటుంబం పోలీసు స్టేషనుకు పోతే చాలామంది నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంట్లో తిరిగే ప్రాణి లేకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళెవరికీ రాదు.

దొరికాక కూడా తొందర వద్దు. బెదిరిన పిల్లి సొంత మనిషినే గీరుతుంది, కరుస్తుంది. కరిస్తే సబ్బుతో బాగా కడిగి, టీకా కోసం ఆసుపత్రికి పోవాల్సిందే, మన పిల్లే కదా అనుకోవద్దు. మందపాటి తువ్వాలు చుట్టి ఎత్తుకోవాలి. నీళ్ళు కొంచెం కొంచెంగా ఇవ్వాలి. కొన్ని రోజులు తిండి లేకుండా ఉన్న పిల్లికి కాలేయం దెబ్బతినొచ్చు, పైకి బాగానే ఉన్నా పశువుల డాక్టరుకు చూపించాలి.

ఈ సెలవులకు ఊరికి పోయేముందు, తాళం వేసేటప్పుడు, మెట్ల కింది గదిలో, మంచాల కింద, సామాన్ల గదిలో ఒకసారి టార్చి వేసి చూడండి. ఎవరైనా వచ్చి మా పిల్లి కనపడలేదని అడిగితే, మా ఇంట్లో లేదని గుమ్మంలోనే చెప్పి పంపకండి. తలుపు తీసి, మిద్దె మీదికి తీసుకుపోయి చూపించండి. మా మండు వేసవిలో నీళ్ళు లేకుండా మూసిన గదిలో పిల్లి ఎన్నో రోజులు బతకదు.