సాంచలు ఆగితేనే మా రికార్డింగ్

శనివారం పొద్దున సిరిసిల్లలో బస్సెక్కుతుంటే కండక్టరమ్మ నా భుజం మీది సంచిని పైనుంచి కిందికి చూసింది. లోపల యమహా కీబోర్డు, మడత స్టాండు, వైర్లు. "ఏంది తమ్మీ, తలుపు పట్టుకొస్తున్నవా?" అంది. కీబోర్డు అని చెప్పాను. "దీనికి ఆధార్ కార్డు ఉంటే జీరో టికెట్ కొడ్త" అని నవ్వి, నిలబడ్డ ఆడవాళ్ల మధ్య నుంచి నన్ను వెనక్కి తోసింది. వేములవాడలో బస్సు మారి, జగిత్యాల చేరేదాకా దాన్ని బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకునే ఉన్నాను.

మే నెల. ముహూర్తాలు, మామిడికాయలు ఒకేసారి వచ్చే కాలం. చల్‌గల్ మార్కెట్ వైపు పోయే మామిడి బండ్లతో రోడ్డు నిండిపోయింది. ఆ రోజు జగిత్యాలలో మాది రిసెప్షన్ ప్రోగ్రాం. మేం ముగ్గురం. కీబోర్డు మీద నేను, పాడటానికి టీచరక్క (ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది, అందుకే ఆ పేరు), ఆక్టోప్యాడ్ మీద కోరుట్ల దోస్తు. మాట్లాడుకున్నది తొమ్మిది వేలు. సౌండు బాక్సుల కిరాయి నాలుగు వేలు, రానుపోను ఖర్చులు ఎనిమిది వందలు. మిగిలింది తలా పద్నాలుగు వందలు. భోజనం ఫ్రీ. ఇంటర్ చదివే తమ్ముళ్లు ఇన్‌స్టాలో "అన్నా, మ్యూజిక్‌ను కెరీర్‌గా తీసుకోవచ్చా" అని అడుగుతుంటారు కాబట్టి ఈ లెక్క రాస్తున్నాను.

ఎనిమిదిన్నర దాకా బాగానే నడిచింది. ఒక పెద్దమనిషి స్టేజీ దగ్గరికి వచ్చి 'బలగం' పాట అడిగాడు. 2023లో ఆ సినిమా వచ్చినప్పటి నుంచి ఎక్కడికి పోయినా అదే. డైరెక్టర్ వేణు మా సిరిసిల్ల మనిషే. క్లైమాక్సులో కొమురమ్మ, మొగిలయ్య దంపతులు పాడింది విని ఏడవని ఇల్లు మా వైపు లేదు. కానీ పెండ్లి రిసెప్షన్‌లో చావు పాట ఎట్లా పాడతాం? టీచరక్క తెలివిగా అదే సినిమాలోని ఇంకో పాట అందుకుంది.

తొమ్మిదిన్నరకు బయట డీజే బండి వచ్చింది. బేస్ మొదలు కాగానే హాలు అద్దాలు గలగలమన్నాయి. నా కీబోర్డు నాకే వినిపించలేదు. పెండ్లిపిల్ల తండ్రి మెల్లగా వచ్చి, "ఇగ ఆపుండ్రి బాబూ, పోరగాండ్లు ఎగురుతరట" అన్నాడు. సగం చరణంలో ఆపేశాం. డీజే వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ జనరేటర్ మీద, ఆ బాక్సుల మీద వాళ్లకూ అప్పులున్నాయి. కాకపోతే మన జానపదాల్లో ఉన్న మాటంతా ఆ బేస్ కింద పడి నలుగుతుంది. అది మాత్రం బాధే.

వైర్లు చుడుతుంటే కోరుట్ల దోస్తు చెప్పాడు. "వీసా వచ్చిందిరా. గురువారం ఫ్లైటు."

దుబాయి. ఏసీ పనిలో హెల్పర్. రెండేళ్ల అగ్రిమెంటు.

ఏడాదిగా మేం ఒక పాట పట్టుకుని తిరుగుతున్నాం. రాసింది వాడే. వాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ల బాపు మస్కట్ పోయాడు. వారానికి ఒకసారి వచ్చే ఫోను కోసం తల్లీకొడుకులు ఎదురుచూడటమే ఆ పాట. ఈ పెండ్లి, ఆ పెండ్లి అంటూ రికార్డింగ్ వాయిదా వేస్తూ వచ్చాం. ఇప్పుడు చేతిలో ఉన్నది నాలుగు రోజులు.

రాత్రికి టీచరక్కను ఇంటి దగ్గర దించి, మేమిద్దరం కోరుట్ల పోయాం. వాడి ఇల్లు నేషనల్ హైవేకు దగ్గర. ఆర్మూరు వైపు పోయే లారీలు తెల్లవార్లూ హారన్లు కొడుతూనే ఉంటాయి. అక్కడ రికార్డింగ్ కుదరదు గానీ, జామింగుకు అంతకంటే మంచి జాగా నాకు తెలియదు. ఎందుకంటే అక్కడ వాళ్ల అమ్మ ఉంటుంది.

ఆదివారం పొద్దున వరండాలో ఆమె చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. కత్తెర తునికాకును ఒకే తీరుగా కోస్తోంది. కోరుట్ల గల్లీల్లో సగం ఇండ్ల ముందు ఇదే చప్పుడు. మేం ఒక మూల ప్యాడ్ పెట్టుకుని వాయించాం. అందులోని డప్పు శాంపిల్ ఎంత మార్చినా డబ్బా మోతలా ఉంది. చివరికి వాడు ప్యాడ్ పక్కకు నెట్టి ఇత్తడి బిందె బోర్లించాడు. వేళ్లతో కొడితే ఒక శబ్దం, ఉంగరంతో కొడితే ఇంకొకటి. పాటకు ప్రాణం వచ్చింది.

అయినా ఏదో తేడా. నిమిషానికి 112 బీట్ల మీద పోతున్నాం. మూడోసారి వాయించాక వాళ్ల అమ్మ కత్తెర ఆపింది. "గంత ఉరుకుడెందుకురా? పాడెటోనికి ఊపిరి తీసుకునే జాగ ఇయ్యరా?" అంది. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టి తిరిగే మనిషి. ఎక్కడ అడుగు పడాలో ఆమె కాళ్లకు తెలుసు. 96కు దించాం. "గిట్ల" అని మళ్లీ ఆకు అందుకుంది. యూట్యూబులో ఎన్ని క్లాసులు చూసినా ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం బిందెతో సహా సిరిసిల్లకు బయల్దేరాం. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ దారి. దారి పొడవునా రంగురంగుల కొత్త ఇండ్లు, సగానికి తాళాలు. అవన్నీ గల్ఫ్ పైసలతో కట్టినవే. మా వాడు కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నాడు. నేను మాట మార్చుదామని, వేములవాడ దగ్గరి హనుమాజీపేట సినారె ఊరని, 1962లో 'గులేబకావళి కథ'తో ఆయన సినిమా పాటల్లోకి పోయాడని చెప్పాను. "ఆయన హైదరాబాదు పోయిండు, నేను దుబాయి పోతున్న" అన్నాడు. సోమవారం కదా, వేములవాడలో రాజన్న దర్శనానికి వచ్చిన జనంతో బస్టాండు కిటకిటలాడుతోంది. బిందె చూసి ఒకామె మొక్కు సామాననుకుని దారి ఇచ్చింది.

ఇక మా ఇల్లు. సిరిసిల్ల బీవై నగర్‌లో మా ఇంటి ముందు గదిలో నాలుగు సాంచలు, అంటే మరమగ్గాలు. వెనక గదిలో నా స్టూడియో. బాపు ఆసామి. సేఠు దగ్గర నూలు బీములు తెచ్చుకుని, గుడ్డ నేసి ఇస్తే మీటరు లెక్కన కూలి వస్తుంది. సాంచ నడిస్తేనే పైసలు.

ఆ చప్పుడు వినని వాళ్లకు చెప్పడం కష్టం. ఫోనులో డెసిబెల్ యాప్ పెడితే షెడ్డులో 95 దాటుతుంది. మెట్రోనోమ్ పెట్టి చూశాను, మా సాంచ నిమిషానికి 130 దగ్గర కొడుతుంది. నాలుగూ ఒకే వేగమైతే దాన్నే తాళం అనుకునేవాణ్ని. కానీ ఒక్కోటి ఇంత ముందు, ఇంత వెనక. కలుస్తాయి, విడిపోతాయి. పక్కిండ్ల సాంచలు వేరే. కీబోర్డు, ప్యాడ్ వైరుతో నేరుగా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి పోతాయి, వాటికి ఏ చప్పుడైనా ఫర్వాలేదు. గొంతుకు, బిందెకు మైకు కావాలి. నాది కండెన్సర్ మైకు, వీధి చివర కుక్క మొరిగినా పట్టేస్తుంది.

నా హార్డ్ డిస్కులో అన్నిటికంటే శుభ్రమైన రికార్డింగ్ 2024 మొదట్లోది. 2017 నుంచి వచ్చిన బతుకమ్మ చీరల ఆర్డర్లు లేక అప్పుడు సాంచలు ఆగిపోయాయి. గోదాములో జాగ లేదని నేసిన తాన్లు కూడా మా ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిని నా గది గోడలకు పేర్చితే గదిలో గూమ్మనే మోత పోయింది. పట్నంలో ఇందుకోసం ఫోమ్ షీట్లు కొంటారు. మాకు అమ్ముడుపోని పాలిస్టర్ గుడ్డ దొరికింది. నేను హాయిగా పాడుకున్నాను. ముందు గదిలో బాపు ఆగిన సాంచ పక్కన కూర్చుని బీమును ఊరికే తుడుస్తున్నాడు. ఆ ట్రాక్ నాకు వినబుద్ధి కాదు, తీసేయబుద్ధి కూడా కాదు.

2025లో ఇందిరా మహిళా శక్తి చీరల ఆర్డర్లు వచ్చాక మళ్లీ రాత్రి షిఫ్టులు. తాన్లు ఎప్పటికప్పుడు వెళ్లిపోతున్నాయి, నా గోడలు బోసిపోయాయి. ఇంట్లో అందరం సంతోషంగానే ఉన్నాం. కానీ పాట?

సోమవారం షిఫ్టు మారే సమయంలో ప్రయత్నించాం. మావి ఆగితే పక్కవాళ్లవి మొదలు. దుప్పట్లు కప్పుకుని పాడితే వాడికి చెమటతో ఊపిరి ఆడలేదు. మంగళవారం పగలంతా ఊరికే కూర్చున్నాం. సాయంత్రం ఆరు దాటాక మానేరు వైపు నుంచి గాలిదుమారం లేచింది. నాలుగు చినుకులు పడ్డాయో లేదో కరెంటు పోయింది. బీవై నగర్ మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దం.

ల్యాప్‌టాప్ బ్యాటరీ 41 శాతం. ఇంటర్‌ఫేస్ యూఎస్‌బీ మీద నడుస్తుంది, మైకుకు కావలసిన 48 వోల్టులూ అదే ఇస్తుంది. ముందు బిందె, రెండు టేకుల్లో అయిపోయింది. తర్వాత గొంతు. మొదటి టేకులో మాట తడబడింది. రెండోదాంట్లో ఏడ్చాడు. మూడోది మొదలుపెట్టాం, బాగా పోతోంది. రెండో చరణంలో ఉండగా ముందు గదిలో బల్బు వెలిగింది.

నా గుండె ఆగింది. తలుపు సందులోంచి చూశాను. బాపు స్విచ్చు బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు. చెయ్యి బోర్డు మీదే ఉంది, నొక్కలేదు. మీటరు కూలి మనిషి, అప్పటికే గంట పోయింది. పాట అయ్యేదాకా, రెండు నిమిషాలకు పైనే, అట్లాగే నిలబడ్డాడు. పక్కిండ్ల వాళ్లు ఎందుకు ఆగుతారు? చివరి రెండు లైన్ల కింద వాళ్ల సాంచలు మొదలయ్యాయి.

"అయిందారా?" అన్నాడు బాపు. అయింది అన్నాను. స్విచ్చు వేశాడు.

గురువారం వాడు పోయాడు. బిందె మా ఇంట్లోనే ఉంది. చివర్లోని ఆ మోతను నాయిస్ రిడక్షన్ పెట్టి తీస్తే, దానితో పాటు వాడి గొంతు కూడా డొల్లగా అవుతోంది. ఉంచనా, తీయనా అని మెసేజ్ పెట్టాను. "రూముల ఎనిమిది మందిమి ఉన్నం, ఇయర్‌ఫోన్ పెట్టుకుని విని చెప్త" అని వాయిస్ మెసేజ్ పంపాడు. ఇంకా చెప్పలేదు. నాకూ మిక్సింగ్ ముందుకు సాగడం లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నా బేస్ ఏదో, సాంచ ఏదో తెలియడం లేదు. ఇప్పుడు మా ఇంట్లో రెండు షిఫ్టులూ నడుస్తున్నాయి.