హైబ్రిడ్ కారు మైలేజీ: యంత్రం చేసేది, ఇల్లు చేయవలసినది

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కారు కొనేటప్పుడు ధర తరువాత అడిగే మొదటి ప్రశ్న మైలేజీ గురించే. లీటరు పెట్రోలుకు స్కూటరు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో లెక్క చూసుకునే ఇళ్లలో పెరిగినవారికి ఆ ప్రశ్న సహజమైనది, న్యాయమైనది కూడా. అయితే హైబ్రిడ్ కారు విషయంలో దానికి జవాబు ఒక్క అంకెలో ఇమడదు. చలిని బట్టి, ప్రయాణాల పొడవును బట్టి, నడిపే తీరును బట్టి దీని మైలేజీ మామూలు కారు మైలేజీ కంటే ఎక్కువగా మారుతూ ఉంటుంది. తెలుగువారు చెప్పుకోదగినంతగా నివసించే షికాగో పడమటి శివార్లు, అంటే నేపర్‌విల్, అరోరా వంటి ఊళ్లు, ఈ మార్పును పరిశీలించడానికి తగిన చోటు. ఎందుకంటే వేసవి ఉక్క, గడ్డకట్టే శీతాకాలం, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, వేగంగా సాగే టోల్ రహదారి అక్కడ ఒకే కుటుంబానికి ఒకే ఏడాదిలో అనుభవానికి వస్తాయి.

పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ ఉండి, వాటిలో ఏది ఎప్పుడు చక్రాలను తిప్పాలో కంప్యూటరు నిర్ణయించే కారును హైబ్రిడ్ అంటారు. టొయోటా సంస్థ 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్‌ను విడుదల చేసింది. అమెరికా మార్కెట్టులో 1999 చివర హోండా ఇన్‌సైట్, 2000లో ప్రియస్ అడుగుపెట్టాయి. 2012 మోడలుగా అమెరికాకు వచ్చిన ప్రియస్ సి ఆ కుటుంబంలో చిన్నది. ఒకటిన్నర లీటరు ఇంజను గల ఈ కారుకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ అప్పట్లో ఇచ్చిన అంచనా గ్యాలనుకు పట్టణంలో 53 మైళ్లు, రహదారిపై 46, రెండూ కలిపి 50. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు కాబట్టి 50 మైళ్లంటే లీటరుకు సుమారు 21 కిలోమీటర్లు. మామూలు కారుకు రహదారిపైనే మైలేజీ ఎక్కువ. ఇక్కడ అది తలకిందులైంది. ఆ తారుమారులోనే హైబ్రిడ్ సూత్రమంతా ఉంది.

కారు పరుగెత్తుతున్నప్పుడు దానిలో ఉండే గతిజ శక్తిని మామూలు బ్రేకు వేడిగా మార్చి గాలిలో కలిపేస్తుంది. హైబ్రిడ్‌లో బ్రేకు నొక్కినప్పుడు మోటారే జనరేటరుగా మారి ఆ శక్తిలో కొంత భాగాన్ని విద్యుత్తుగా బ్యాటరీకి చేరుస్తుంది. దీనిని రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. సిగ్నలు దగ్గర సాధారణంగా ఇంజను పూర్తిగా ఆగిపోతుంది. పైగా ప్రియస్ ఇంజను అట్కిన్సన్ చక్రాన్ని అనుసరిస్తుంది. 1882లో జేమ్స్ అట్కిన్సన్ రూపొందించిన ఈ పద్ధతికి నేటి రూపంలో, గాలి లోపలికి వచ్చే వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల సిలిండరులో వాయువు కుదింపు కంటే వ్యాకోచం ఎక్కువై, అదే ఇంధనం నుంచి ఎక్కువ పని వస్తుంది. అందువల్ల తగ్గే బలాన్ని అవసరమైన క్షణంలో మోటారు భర్తీ చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. గోడకు తగిలించి చార్జి చేయని హైబ్రిడ్‌లో బ్యాటరీ ఇంధనానికి ప్రత్యామ్నాయం కాదు. అందులోని విద్యుత్తంతా ఏదో ఒక దశలో పెట్రోలు నుంచి వచ్చినదే. గ్యాలను పెట్రోలులో సుమారు 33.7 కిలోవాట్-గంటల శక్తి ఉంటే, ప్రియస్ సి బ్యాటరీ మొత్తం సామర్థ్యం ఒక్క కిలోవాట్-గంట కూడా లేదు. అందులోనూ బ్యాటరీ ఆయుష్షు కోసం కంప్యూటరు మధ్య భాగాన్ని మాత్రమే వాడుకోనిస్తుంది. అది ఖజానా కాదు, చిల్లర దాచుకునే కొంగుముడి. కాబట్టి ఇంజనును నిద్రలేపకుండా విద్యుత్తుతోనే ఎక్కువ దూరం పోవాలని పట్టుబట్టడం వల్ల లాభం లేదు. ఖర్చయిన విద్యుత్తును ఇంజను మళ్లీ తయారుచేయాలి, పెట్రోలు విద్యుత్తుగా, విద్యుత్తు మళ్లీ చలనంగా మారే ప్రతి మెట్టులోనూ కొంత నష్టం తప్పదు.

దీని నుంచి నడిపే తీరుకు సంబంధించిన ముఖ్యమైన నియమం తేలుతుంది: బ్రేకు ద్వారా శక్తిని తిరిగి రాబట్టుకోవడం మంచిదే కాని, బ్రేకు అవసరమే రాకుండా చూసుకోవడం అంతకంటే మంచిది. దూరాన ఎర్రదీపం కనిపించగానే యాక్సిలరేటరు నుంచి కాలు తీసి, ముందు వాహనానికి తగినంత ఎడం ఉంచి, కారును దాని ఊపు మీదనే సాగనిస్తే ఆ చలనం దాదాపు ఏ మార్పిడీ నష్టమూ లేకుండా నేరుగా దూరంగా మారుతుంది. బయలుదేరేటప్పుడు మరీ నత్తనడకన వేగం పెంచడం కూడా పొదుపు కాదు. ఇంజను మధ్యస్థమైన బరువు మోస్తున్నప్పుడే బాగా పనిచేస్తుంది కనుక, మితంగా వేగం అందుకొని తరువాత తేలికగా సాగడం మేలు. రహదారిపై మాత్రం శత్రువు గాలి. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, గంటకు 65 మైళ్ల నుంచి 75కు పోతే ఆ నిరోధం దాదాపు మూడో వంతు అధికమవుతుంది. నిరోధాన్ని తప్పించుకోవడానికి పెద్ద ట్రక్కుల వెనుక అంటిపెట్టుకుని నడిపేవారూ ఉన్నారు. ఏ పొదుపూ ఆ ప్రమాదానికి పరిహారం కాలేదు కనుక దానిని పూర్తిగా విసర్జించాలి.

శీతాకాలం హైబ్రిడ్‌కు అసలైన పరీక్ష. అమెరికా ప్రభుత్వ పరీక్షల ప్రకారం 77 డిగ్రీల ఫారన్‌హీట్‌తో పోలిస్తే 20 డిగ్రీల వద్ద, అంటే సున్నాకు దిగువన సుమారు 7 సెల్సియస్ వద్ద, పట్టణంలో మామూలు కారు మైలేజీ 15 శాతం తగ్గితే, హైబ్రిడ్ మైలేజీ 30 నుంచి 34 శాతం వరకు తగ్గవచ్చు. ఇంజను వృథాగా వదిలే వేడితోనే మామూలు కారు లోపలి గది వెచ్చబడుతుంది. హైబ్రిడ్ ఇంజను వృథా చేసేదే తక్కువ, పైగా తరచుగా ఆగిపోతుంది, కాబట్టి లోపలివారికి వెచ్చదనం కావాలన్నా, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరు వేడెక్కాలన్నా అది ప్రత్యేకంగా నడవవలసి వస్తుంది. చలిలో బ్యాటరీ విద్యుత్తును పుచ్చుకునే శక్తి తగ్గుతుంది. టైర్లలో గాలి పీడనం ప్రతి 10 డిగ్రీల ఫారన్‌హీట్‌కు సుమారు ఒక పి.ఎస్.ఐ. చొప్పున పడిపోతుంది. హెచ్చరిక దీపం వెలిగేది పీడనం బాగా పడిపోయాకనే కాబట్టి దానికోసం వేచి ఉండకుండా, నెలకొకసారి, కారు కదలకముందు, డ్రైవరు తలుపు అంచున ముద్రించిన అంకెతో టైర్ల గాలిని సరిచూసుకోవాలి.

చలికి మందు కూడా ఇంట్లోనే ఉంది. సామానుతో నిండిపోయిన గరాజును ఖాళీచేసి కారును లోపల నిలిపితే ఇంజను అంత చల్లబడదు. వేడి చేయడానికని పది నిమిషాలు నిలబెట్టి ఇంజను నడిపితే ఆ పది నిమిషాల మైలేజీ సున్నా. అరనిమిషం ఆగి మెల్లగా బయలుదేరడమే త్వరగా వెచ్చబడే మార్గం. అన్నిటికంటే ముఖ్యమైనది చిన్న ప్రయాణాలను కలపడం. శివారు జీవితంలో పిల్లల సంగీతం తరగతి, సరుకుల దుకాణం, అరోరాలోని బాలాజీ ఆలయం విడివిడిగా మూడు ప్రయాణాలైతే, చల్లారిన ఇంజను మూడుసార్లు వేడెక్కాలి. ఒకే చుట్టులో ముగిస్తే మొదటిసారి వేడెక్కిన ఇంజనే మిగిలిన పనులకు సరిపోతుంది. దుకాణం నుంచి తెచ్చిన సోనా మసూరి బస్తాలను వారాల తరబడి డిక్కీలో ఉంచకపోవడం, పని లేనప్పుడు పైకప్పు మీది సామాను పెట్టెను దించివేయడం, వెనుక సీటు దగ్గర బ్యాటరీకి చల్లగాలి అందించే రంధ్రాన్ని సంచులతో మూసేయకపోవడం ఇదే క్రమశిక్షణకు కొనసాగింపు.

స్వదేశంలోని బంధువులతో మైలేజీ పోల్చుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 2022లో భారతదేశంలో వచ్చిన టొయోటా హైరైడర్ హైబ్రిడ్‌కు అధికారికంగా లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటించారు. అంతకంటే చిన్నదైన ప్రియస్ సికి 21 అన్న అంకె దాని పక్కన వెలవెలబోతుంది. కాని ఆ భారతీయ అంకెకు ఆధారమైన పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు మాత్రమే. అమెరికా పద్ధతిలో 2008 మోడళ్ల నుంచి అధిక వేగాన్ని, ఏసీ వాడకాన్ని, చలిని కూడా లెక్కలోకి తీసుకుంటున్నారు. అలా సవరించినందువల్లనే రెండవ తరం ప్రియస్ కారేమీ మారకుండానే 55 మైళ్ల నుంచి 46కు దిగింది. వేర్వేరు కొలతల ఫలితాలను ఒకే వరుసలో నిలబెట్టకూడదు.

చివరగా, కొలమానమే కొన్నిసార్లు దారి తప్పిస్తుంది. రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే పరిశోధకులు 2008లో సైన్స్ పత్రికలో చూపినట్లు, గ్యాలనుకు ఎన్ని మైళ్లన్న అంకె పెరిగినంత సమానంగా పెట్రోలు ఆదా పెరగదు. ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే హైబ్రిడ్ కారు మైలేజీ శ్రద్ధవల్ల 45 నుంచి 50కి పెరిగితే మిగిలేది సుమారు 27 గ్యాలన్లు. అదే ఇంట్లో గ్యాలనుకు 20 మైళ్లిచ్చే పెద్ద వ్యాను కూడా ఉండి, ఒకరిద్దరే వెళ్లే ప్రయాణాల్లో 3,000 మైళ్లను దాని నుంచి హైబ్రిడ్‌కు మార్చితే మిగిలేది 90 గ్యాలన్లు. గ్యాలను పెట్రోలు మండితే దాదాపు 8.9 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, అది 800 కిలోల కాలుష్యాన్ని ఆపడంతో సమానం. కాలి కింద యాక్సిలరేటరును అదుపులో ఉంచుకోవడం విలువైన అలవాటే, దానిని వదలకూడదు. కాని ఏ పనికి ఏ కారు బయలుదేరాలో, ఏ పనులు ఒకే చుట్టులో ముగియాలో కుటుంబమంతా కలిసి ముందుగా నిర్ణయించుకోవడం అంతకు మూడు రెట్లకు మించి ఫలమిచ్చే పొదుపు. హైబ్రిడ్ కారు కొన్న ఇల్లు ఆ కారును బయటకు తీయడంలో చూపే వివేకమే దానికి పెట్టిన ధరను సార్థకం చేస్తుంది.